మూపురం లేని ఎడ్లు

ఆ సినిమాను నూటపదహారు సార్లు చూశానని మా కాలనీ పార్కులో అందరికీ చెప్పాను. పొద్దున నడకకు వచ్చే రిటైర్డ్ ఇంజనీరు ఒకాయన వేళ్ళు మడిచి లెక్క వేయబోతే, పోనీ పదహారు అని తగ్గించాను. రాత దగ్గర అలా కుదరదు కాబట్టి నిజం చెబుతున్నాను. మూడుసార్లు చూశాను. మొదటిసారికీ రెండోసారికీ మధ్య ఒక జీవితం గడిచింది. రెండోసారికీ మూడోసారికీ మధ్య తొమ్మిది రోజులు గడిచాయి, ఆ తొమ్మిది రోజులూ నాకు సరిగ్గా నిద్ర లేదు. ఎందుకంటే మూడోసారి చూడమన్నది రత్నం గారు. ఆయన పక్కన కూర్చుని, అప్పుడెలా చెప్పానో ఇప్పుడూ అలాగే ఆ సినిమా చెప్పమన్నాడు.

రత్నం గారు గుంటూరు వైపు మనిషి. మేము దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న రోజుల్లో మా ఇంటి ముందుగదిలో కిరాయికి దిగాడు. బట్టల దుకాణంలో చీరల మడతలు విప్పి చూపించే ఉద్యోగం. నాకంటే ఐదారేళ్ళు పెద్ద. ఇప్పుడు చైతన్యపురిలో, నాలుగు హాస్టళ్ళ మధ్య ఇరుక్కున్న ఒక అపార్ట్‌మెంట్‌లో, కొడుకూ కోడలితో ఉంటున్నాడు. నేను ఎల్‌బీనగర్‌లో ఉంటాను. మెట్రో ఎక్కితే మధ్యలో ఒక్కటే స్టేషన్. ఒకప్పుడు చీర అంచు చూసి ఏ ఊరి మగ్గమో చెప్పిన ఆ కళ్ళను నీటికాసుల జబ్బు మెల్లగా తినేసింది. వెలుతురు, నీడ తప్ప ఇప్పుడాయనకు ఏమీ తెలియవు. ఆ పాత సినిమా మా మనవరాలు ఫోనులో వెతికి పట్టుకుందని, ఇంకా చూడకముందే నేనే సంబరంగా ఆయనకు చెప్పాను. నా నోటికి తాళం ఎప్పుడూ లేదు.

ఆయన ఫోనులోనే అన్నాడు. "ఏవయ్యా నరసింహం, ఆ కోడలి సణుగుడుతో సహా చెప్పాలి సుమా. ఇక్కడ అందరికీ చెప్పి పెట్టాను, అలాంటి కోడలు లోకంలో ఉండదని."

ఆ మాటతో నా నిద్ర పోయింది. ఎందుకో తెలియాలంటే మా ఇంట్లోకి రావాలి.

మా నాయనది ఎడ్లబండి. నల్గొండ వైపు పల్లె నుంచి బండితోనే వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో నిలిచాడు. అప్పట్లో ఎల్‌బీనగర్ చుట్టూ ద్రాక్షతోటలు. అనాబ్-ఎ-షాహీ గుత్తులు గంపలకెత్తి, పైన ఆకులు కప్పి, నాయన బండి మీద పట్నం మార్కెట్‌కు పోయేవి. సాయంత్రం ఇల్లు చేరగానే ముందు ఎడ్ల కాళ్ళు కడిగేవాడు, తర్వాత తన కాళ్ళు. ముందు వాటికి నీళ్ళు, తర్వాత తనకు. ఎడ్ల మెడల మీద కాడి రాసుకున్న చోట ఆముదం రాస్తూ వాటితో ఆ రోజు ముచ్చటంతా చెప్పేవాడు, మాతో మాత్రం అన్నం పెట్టమ్మా అన్న మాట తప్ప పెద్దగా మాట్లాడేవాడు కాదు. మా అమ్మ పెద్ద గిన్నెలో ఎడ్లకు ఉలవలు ఉడకేసేది. ఆ వాసన ఇంటి గోడలకు పట్టి ఉండేది, నా బడి చొక్కాకు కూడా. కిరాయికి దిగిన మూడో రోజునే రత్నం గారు గిన్నె పట్టుకొచ్చి, ఉడికిన ఉలవల నీళ్ళు పారబోయకుండా కాస్త పోయమని అడిగాడు. మా అమ్మ నోరు తెరిచింది. ఎడ్ల కుడితి మనిషి తాగుతడా అని. ఆయన కిరసనాయిలు స్టవ్వు మీద దాన్ని చిక్కగా మరిగించి, చింతపండు పిసికి, పోపు పెట్టి, ఓ గిన్నెడు చారు మాకే తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఉలవలు ఎడ్లకు, చారు అందరికీ.

ఇక నా సంగతి. ఇంగ్లీషు నాకు మంచినీళ్ళ ప్రాయం. అని నాయన నమ్మాడు. నేను టైపు ఇన్‌స్టిట్యూట్‌కు పోయేవాణ్ణి. కళ్ళు మూసుకుని పేజీలకు పేజీలు ఇంగ్లీషు కొట్టేవాణ్ణి, తప్పు లేకుండా. ఒకసారి నాయన కిటికీ దగ్గర నిలబడి చూశాడు. చూడకుండా ఇంగ్లీషు రాసేవాడికి ఇంగ్లీషు ఎంత వచ్చి ఉండాలి అని ఆయన లెక్క. కొట్టిన దానిలో ముక్క అర్థం కాదని నేను చెప్పలేదు. ఇంగ్లీషు నా వేళ్ళకు వచ్చు, నాకు రాదు. పదో తరగతిలో రెండుసార్లు తప్పింది ఏ పరీక్షో కూడా ఆయనకు చెప్పలేదు, లెక్కలు అన్నాను.

అలాంటి రోజుల్లో మా టాకీసు గోడ మీద ఆ బొమ్మ పడింది. ఎర్రటి నేల, తెల్లటి గుడ్డ పైకప్పుల బండ్లు, వరసగా, బొమ్మ చివరిదాకా. ఆదివారం పొద్దటి ఆట. నాయన బండి ఆపి ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడట. ఇంటికొచ్చి ఎడ్ల కాళ్ళు కూడా కడగకుండా, ఇంగ్లీషోళ్ల బండ్లు చూద్దాం, నర్సిమ్మ కత చెప్తడు అన్నాడు. సినిమాకు పోదామని మా నాయన అనడం అదే మొదలు, అదే ఆఖరు.

ఇంగ్లీషు సినిమా కథ చెప్పడం అప్పట్లో ఒక పద్ధతి. భాష వచ్చినవాడు వరస మధ్యలో కూర్చోవాలి. వాడికి రెండు పక్కలా తలలు వంగుతాయి. వాడు గొంతు పెంచకూడదు, ఆపకూడదు, ముందు జరిగేది చెప్పకూడదు. కథ బాగుంటే వెనక వరస వాళ్ళు ముందుకు వంగుతారు, పక్క వరస వాళ్ళు లేచొచ్చి దగ్గర సీట్లలో కూర్చుంటారు. ఆ రోజు నాకు కుడి పక్క నాయన, ఎడమ పక్క రత్నం గారు, ఆయనకు అవతల అమ్మ. నా చుట్టూ మూడొందల మంది మూగారు. ముప్పై మంది. సరే, పన్నెండు మంది, ఇద్దరు నిద్రపోయారు.

దీపాలు ఆరాయి. తెర తెరుచుకుంది. ఇది మాత్రం నేను ఎంత పెంచినా తక్కువే. అంత నేల నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత చూడలేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నేలే, దాని పైన ఆకాశం, మధ్యలో ఏమీ లేదు. సంగీతం లేదు. గాలి చప్పుడు. ఆ నేల చివర ఒక చుక్క. ఈగ వాలిందేమో అనుకున్నాను. ఆ చుక్క పొడుగయ్యింది, గీత అయ్యింది, గీత వెనక దుమ్ము లేచింది, దుమ్ములోంచి ఒక బండి, దాని వెనక ఇంకొకటి, నలభై బండ్లు. అదంతా తీరిగ్గా వచ్చింది, మనం పొలం గట్టు మీద కూర్చుని దూరంగా వస్తున్న బండిని చూస్తున్నట్టు. మొదటి బండికి గుర్రాలు, దాని మీద తెల్ల గడ్డం ముసలాయన, పక్కన ఒక పడుచు. వెనక బండ్లకు ఎడ్లు. అవి తెర మీదకి దగ్గరగా వచ్చినప్పుడు నాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"మూపురం లేదురా. కాడి ఎట్ల నిలుస్తది?"

నిజమే, ఆ ఎడ్లకు మూపురాలు లేవు. వీపులు బల్లల్లా ఉన్నాయి. సినిమా అయ్యేదాకా ఆయన కళ్ళు ఆ కాడి మీంచి పోలేదు. మెడకు కింద చెక్క వంచి ఎలా బిగించారో కనిపెట్టినప్పుడు గట్టిగా ఊపిరి వదిలాడు, తనకే ఎవరో బరువు దించినట్టు.

నేను మాత్రం చెమటలు కక్కుతున్నాను. తెర మీద మనుషులు నోట్లో పొగాకు పెట్టుకున్నట్టు మాట్లాడుతున్నారు. నాకొచ్చిన నాలుగు ముక్కలు కూడా దొరకడం లేదు. రెండు పక్కలా తలలు వంగి ఉన్నాయి. అందుకని చెప్పడం మొదలుపెట్టాను. ముసలాయన పెద్ద భూస్వామి అన్నాను. పొగరుబోతు, అందుకే ఎవరి మొహమూ చూసి మాట్లాడడు, తల ఎత్తి ఎటో చూస్తాడు అన్నాను. పక్కనున్న పడుచు కోడలు అన్నాను. అది ఎలాగో నిజమే అయ్యింది. కానీ ఆమె సినిమా అంతా ఆయన చెవి దగ్గర మెల్లగా ఏదో అంటూనే ఉంది. ఎండలో, గాలిలో, ఆగినప్పుడు, నడిచేటప్పుడు. పెదవులు మాత్రమే కదిలేవి. దానికి ఏం చెప్పాలో తోచలేదు. చుట్టూ ఉన్నది ఇళ్ళవాళ్ళు. వాళ్ళకు తెలిసిన కథే చెప్పాను. ఆస్తి పంచమంటున్నది అన్నాను. నీ కొడుకు చచ్చిపోయిండు, నా వాటా నాకు రాసియ్యి అంటున్నది అన్నాను.

పండింది. మా అమ్మ దవడలు బిగించింది. ఆమె పెదవులు కదిలినప్పుడల్లా మా వరస మొత్తం ముసలాయన మీద జాలితో నిట్టూర్చింది. ఇంటర్వెల్‌లో నాయన బత్తాయి ఒలిచి తొనలు పంచుతుంటే, వెనక వరస పెద్దమనిషి నా భుజం తట్టి, ఇంత పాపిష్టి కోడలు వాళ్లల్ల గూడ ఉంటదా తమ్మీ అని అడిగాడు. ఉంటరు పెద్దాయనా, అన్ని దేశాల్ల ఉంటరు అన్నాను.

చివరన నది. మూడు గంటలుగా తెర మీద నీటిచుక్క లేదు, మా గొంతులు కూడా ఎండిపోయాయి. దారిలో సమాధులు కట్టారు, పీపాలు ఖాళీ అయ్యాయి, కొన్ని బండ్లు వెనక్కి తిరిగిపోయాయి. గుట్ట ఎక్కుతున్నారు. ముందు గుర్రాల చెవులు నిక్కాయి. తర్వాత చప్పుడు, గాలో నీళ్ళో తెలియనట్టు. గుట్ట కొనకు చేరగానే మొత్తం తెర నది అయిపోయింది. ఈ గోడ నుంచి ఆ గోడకు. మలక్‌పేట నుంచి సాగర్ రోడ్డు దాకా ఉంటుంది ఆ నది. ఇక్కడ నేను చెప్పిన మాటలు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో అడిగి చెప్పించుకుంటారు. "అమ్మా గంగా, నలభై ఇండ్ల ఉసురు నీ ఒడ్డుకు తెచ్చిన, ఇగ నన్ను కూడ నీల కలుపుకో" అని ముసలాయన గొంతుతో అన్నాను. హాలంతా ఏడ్చింది. గేటు దగ్గర టార్చి పట్టుకున్న మనిషి కూడా ఏడ్చాడు. మిగతావి తగ్గించాను గానీ ఇది మాత్రం తగ్గించను.

ఇంటికి నడిచి వస్తుంటే అమ్మ, రత్నం గారు ముందు పోతూ ఆ కోడలిని తిడుతున్నారు. నాయన వెనకబడ్డాడు. నేను ఆయనకోసం ఆగాను. శభాష్ అంటాడని ఆగాను.

"మంచిగ చెప్పినవు కొడుకా. గని ఆ ముసలాయనకు కండ్లు కానొస్తలేవు."

నేను ఏందని అడిగాను.

"పగ్గం చూసినవా? చేతుల ఉన్నది గని వదిలేసి కూసున్నడు. గుర్రాలే పోతున్నయి. కండ్లు కానరానోడు అట్లనే పడ్తడు పగ్గం. ఆ పిల్ల ఆస్తి అడుగుతలేదు. తొవ్వ చెప్తున్నది ఆయనకు."

దీన్ని రాయకుండా పోవచ్చు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు కూడా. నేను ఆయన మొహం మీదే, నీకు ఇంగ్లీషు వస్తదా నాయనా అన్నాను. కోపంగా కూడా కాదు, నవ్వుతూ అన్నాను, అది ఇంకా పాపం. ఆయన రాదు అన్నాడు. తర్వాత ఎడ్లకు నీళ్ళు పెట్టలేదని గుర్తొచ్చి నడక పెంచాడు. ఆ మాట ఆయన అమ్మకు చెప్పలేదు, రత్నం గారికి చెప్పలేదు. మా వీధిలో నేను ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా, పక్కనే కూర్చుని చుట్ట కాలుస్తూ విన్నాడు. పోయేదాకా విన్నాడు.

ఆ టాకీసు ఇప్పుడు లేదు. ద్రాక్షతోటల మీద మా అపార్ట్‌మెంట్‌లు ఉన్నాయి. పండ్ల మార్కెట్ బాటసింగారం దాకా జరిగిపోయింది, అక్కడ లారీల చక్రాలు నా ఎత్తు ఉంటాయి. సినిమా పేరు నాకు ఎప్పుడూ తెలియదు. మా మనవరాలికి బండ్లు, గడ్డం ముసలాయన, నది అని చెబితే రెండు నిమిషాల్లో పట్టి టీవీలో పెట్టి, కింద తెలుగు అక్షరాలు వచ్చేలా చేసి కాలేజీకి పోయింది. అదే నేల వచ్చింది. గోడంత తెర తలుపంత అయ్యింది గానీ, ఆ నేల మాత్రం తగ్గలేదు, టీవీ అంచులు దాటి మా హాలులోకి పరుచుకున్నట్టు ఉంది. చుక్క గీత అయ్యింది. కోడలు ముసలాయన చెవి దగ్గరికి వంగింది. కింద తెలుగులో వచ్చింది. "ఎడమ పక్క ఎర్ర గుట్ట. దాని ముందు రెండు చెట్లు. ఒకటి ఎండిపోయింది."

అంతే. సినిమా అంతా ఆమె మాటలు అవే. గుట్ట రంగు, మబ్బు, రాయి, పక్షులు ఎటు ఎగురుతున్నాయి. ఎప్పుడో పడుచుతనంలో ఆ దారిన పోయిన ముసలాయన ఆ గుర్తులన్నీ లోపల కలుపుకుని బండ్లను నడిపిస్తున్నాడు. చూపు పోయిందని తెలిస్తే జనం వెనక్కి తిరిగిపోతారు, తిరిగితే దాహంతో చస్తారు. అందుకని ఇద్దరూ దాచారు. ఆమె అరవదు, ఏడవదు, తన మొగుడి సమాధి దగ్గర కూడా, కుడి పక్క సమాధి ఉన్నది మామా, రాళ్ళు పేర్చారు అని మాత్రమే చెబుతుంది. అంత పెద్ద నేలను ఒక మనిషి గొంతు తగ్గించి ఇంకో మనిషి చెవిలో పోస్తున్నది. సినిమా తీసినవాడు ఎవడో గానీ, వాడికి దండం పెట్టాలి. నేను రిమోట్ పట్టుకుని కూర్చుని, నాయన చెప్పింది ఒక్కొక్క అక్షరంగా చదువుకున్నాను. పగ్గం వదులుగానే ఉంది. ఆయన ఒక్క ఆటలో పట్టేశాడు, ఒక్క ముక్క ఇంగ్లీషు లేకుండా.

ఇప్పుడు రత్నం గారికి ఏ కథ చెప్పాలి? ఆయన యాభై ఏళ్ళు తిట్టుకుని సంతోషపడ్డ కోడలిని ఇవ్వాలా? లేక, చూపు పోయిన మనిషి పక్కన కూర్చుని, ఈ సినిమా చూపు పోయిన మనిషిదే అని చెప్పాలా? తొమ్మిది రోజులు ఇదే. చివరికి పాత కథే చెబుదామని తేల్చుకుని మెట్రో ఎక్కాను. ముసలివాళ్ళను ఎందుకు బాధపెట్టడం అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, నా పరువు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టాం. రత్నం గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, సినిమాకు వచ్చినట్టే కూర్చున్నాడు. నేను కుడి పక్కన కూర్చుని గొంతు తగ్గించాను. భూస్వామి, పొగరుబోతు అన్నాను. ఆయన తల ఊపుతూ నవ్వుతున్నాడు. కిటికీ అవతల మెట్రో పోయిన ప్రతిసారీ ఆగి మళ్ళీ అందుకున్నాను. తెర మీద కోడలు వంగింది. ఆస్తి పంచమంటున్నది అని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే వంటింట్లోంచి ఆయన కోడలు శైలజ టీ తెచ్చింది. మామగారి చెయ్యి పట్టుకుని కప్పు చెవి మీద వేళ్ళు పెట్టించింది. మెల్లగా, మా మధ్యలో సినిమా చెడకుండా అంది. "వేడిగా ఉంది మావయ్యగారూ. ఎడం పక్కన బిస్కట్లు. ముందుకు వంగకండి, బల్ల ఉంది."

టీవీలోదీ ఇదీ, రెండు గొంతులూ ఒకేలా ఉన్నాయి. నా నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

"ఏవయ్యా, ఏవంటోంది? వాటా అడుగుతోందా?" అన్నాడు రత్నం గారు.

"లేదు రత్నం గారూ. ఎప్పుడూ అడుగలే. నేనే అబద్ధం జెప్పిన." తర్వాత గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాను. టైపు వేళ్ళు, పదో తరగతి, పగ్గం, నాయన అన్న మాట, నేను అన్న మాట. ముసలాయనకు చూపు లేదని చెప్పేటప్పుడు ఆయన మొహం చూడలేక టీవీ వైపు చూశాను.

ఆయన తడుముకుంటూ కప్పును బల్ల మీద పెట్టాడు. శైలజ గుమ్మం దగ్గర నిలబడిపోయింది. రత్నం గారు అన్నాడు. "యాభై ఏళ్ళు ఆ పిల్లను తిట్టించావు కదయ్యా నా చేత. సరే. ఇప్పుడేం చెబుతోందో అదే చెప్పు."

చెప్పాను. నా సొంతం ఒక్క ముక్క కలపలేదు, నా జన్మలో అదే మొదటిసారి. కింద పడుతున్న అక్షరాలు చదివాను, అక్షరాలు లేనిచోట కనబడింది చెప్పాను. ఎర్ర గుట్ట. రెండు చెట్లు. మూపురం లేని ఎడ్లు. ఆయన కళ్ళు మూసుకుని, ఆ ముసలాయనలాగే తల కొంచెం ఎత్తి విన్నాడు. శైలజ కూడా వచ్చి కింద కూర్చుంది. గుట్ట ఎక్కుతున్నారు అన్నాను. గుర్రాల చెవులు నిక్కినయి అన్నాను. తర్వాత నది వచ్చింది. ముసలాయన మొహం నది వైపు లేదు, చప్పుడు వైపు ఉంది. కోడలు చెప్పడానికి వంగింది, చెప్పలేదు. మొదటిసారి ఆమె పెదవులు కదలలేదు. నావీ కదలలేదు.

నీళ్ళ చప్పుడు గదిలో నిండుతోంది. రత్నం గారు నా మణికట్టు వెతికి పట్టుకున్నాడు.

"అప్పుడూ ఇక్కడ నువ్వేమీ మాట్లాడలేదు నరసింహం."

గంగమ్మ మాటలు గుర్తు చేయబోయాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అవి నువ్వు తర్వాత మా దుకాణం అరుగు మీద కట్టావు. హాల్లో నువ్వు నోరు తెరుచుకుని కూర్చున్నావు. నేను గిల్లినా పలకలేదు. మీ నాయన లేచి నిలబడ్డాడు. వెనకవాళ్ళు కూర్చోమని అరిచారు. ఆయన కూర్చోలేదు, నది పోయేదాకా."

నాకు తెలియదు. నా కుడి పక్కనే, నా మోచెయ్యి తగిలేంత దగ్గర ఆయన నిలబడ్డాడు. నేను నదిని చూస్తున్నాను.

కాబట్టి గంగమ్మ మాటలు కూడా తగ్గిస్తున్నాను. ఆ మూడు గంటల్లో నేను అబద్ధం చెప్పనిది ఆ ఒక్క చోటే, అక్కడ కూడా తర్వాత అతికించాను. రత్నం గారు ఇంకోసారి వెయ్యమన్నాడు. రిమోట్‌తో వెనక్కి తిప్పాను. గుర్రాల చెవులు మళ్ళీ నిక్కాయి, నది మళ్ళీ వచ్చింది, ఈ అంచు నుంచి ఆ అంచుకు. లేచి నిలబడ్డాను. నది పోయేదాకా నిలబడే ఉన్నాను. కాదు, సగం దాకానే. తర్వాత సోఫా చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నిలబడ్డానని ఎవరికీ చెప్పలేదు గానీ, మోకాళ్ళ చప్పుడు రత్నం గారికి వినబడే ఉంటుంది.